చేతికి తగలని బిళ్ళ

పాఠకుల ప్రశ్నలు – స్కానింగ్ డాక్టరు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. చంకలోనో మెడలోనో బిళ్ళ ఉందని స్కానింగ్ రిపోర్టులో రాశారు, చేత్తో తడిమితే మాత్రం ఏమీ తగలడం లేదు, మరి ఆపరేషన్ చేసే డాక్టరు దాన్ని ఎలా పట్టుకుంటారు అని. అందుకే మిగతా ఉత్తరాలను వచ్చే నెలకు ఉంచి, వీటికే చోటిచ్చాను. నేను సర్జన్‌ను కాను. తిరుపతిలో 22 ఏళ్ళుగా అల్ట్రాసౌండ్ చేస్తున్న రేడియాలజిస్టును. ఇలాంటి బిళ్ళలను వెతికి, గుర్తు పెట్టి, సర్జన్ దగ్గరికి పంపడం నా పనిలో పెద్ద భాగం. రాసినవారి పేర్లు తీసేశాను, ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. మా అమ్మకు 52 ఏళ్ళు. ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని మార్చిలో తెలిసింది. అప్పుడు చంకలో గోలీకాయంత బిళ్ళ చేతికి తగిలేది. సూది పరీక్ష చేసి అందులోనూ క్యాన్సర్ ఉందన్నారు. కీమో మొదలుపెట్టే ముందు ఆ బిళ్ళలో ఒక క్లిప్పు పెట్టారు. ఇప్పుడు కీమో మొత్తం అయిపోయింది. బిళ్ళ కరిగిపోయింది. అమ్మ చేతికీ తగలదు, సర్జన్ గారి చేతికీ తగల్లేదు. అయినా ఆపరేషన్ రోజు పొద్దున చంకలో తీగ వేయించుకుని రావాలంటున్నారు. లేని బిళ్ళకు తీగ ఎందుకని మా నాయన అడుగుతున్నాడు. మాకు రెండు ఆవులున్నాయి, పాలు పితికేది అమ్మే. ఆపరేషన్ తర్వాత చెయ్యి పని చేస్తుందా అని ఆమె బెంగ. ఇంకో టెన్షన్ కూడా ఉంది. ఒంట్లో లోహం ఉంటే కొండకు పోయేటప్పుడు అలిపిరి చెకింగ్ దగ్గర మిషన్ మోగుతుందా అని. – ఒక కూతురు

జవాబు: అమ్మా, చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను, అమ్మ మనసు ముందు కుదుటపడుతుంది. మోగదు. ఆ క్లిప్పు నువ్వుగింజంత ఉంటుంది. సాధారణంగా టైటానియంతో చేస్తారు. దానికి చెకింగ్ మిషన్ మోగదు, ఒంట్లో ఉన్నట్టు కూడా తెలియదు. ఎమ్మారై తీయాల్సి వస్తే మాత్రం క్లిప్పు ఉందని ముందే చెప్పి, అది పెట్టినప్పటి కాగితం చూపించండి.

ఇక మీ నాయన ప్రశ్న. అది అడగవలసిన ప్రశ్నే. ఆయనకు ఇలా చెప్పి చూడండి. మన చిత్తూరు వైపు అనపకాయల కాలంలో పితికిన పప్పు చేసుకుంటాం కదా. నానిన అనపగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే, తోలు చేతిలో ఉండిపోయి పప్పు జారి గిన్నెలో పడుతుంది. చంకలో మామూలు లింఫ్ బిళ్ళ, అంటే ఒంట్లో పారే పలుచని నీటిని వడకట్టే చిన్న గ్రంథి, ఆ గింజలాగే ఉంటుంది. ఆకారం అదే, జారడం అదే. కొవ్వు మధ్యలో మెత్తగా పడుకుని ఉంటుంది. వేలి కిందికి వచ్చినట్టే వచ్చి పక్కకు తప్పుకుంటుంది. ఒక్కో చంకలో ఇలాంటివి 20 నుంచి 30 దాకా ఉంటాయి. మనందరికీ ఉంటాయి, ఎవరికీ తెలియవు. క్యాన్సర్ చేరిన బిళ్ళ గట్టిపడి, ఉబ్బి, గుండ్రంగా తయారవుతుంది కాబట్టి చేతికి దొరుకుతుంది. మార్చిలో అమ్మ చేతికి తగిలింది అదే. కీమో బాగా పనిచేసింది. బిళ్ళ మళ్ళీ చిన్నదై, మెత్తబడి, పక్కనున్న బిళ్ళల్లో కలిసిపోయింది. అంతేగానీ అక్కడి నుంచి ఎక్కడికీ పోలేదు.

దాని లోపల ఇంకా క్యాన్సర్ కణాలు మిగిలాయా లేదా అన్నది నా స్కానింగ్‌లో తేలదు, సర్జన్ చేతికీ తేలదు. బిళ్ళను తీసి, పొరలు పొరలుగా కోసి, మైక్రోస్కోపు కింద చూడాలి. అమెరికాలో ఇలాంటి స్త్రీల మీదే చేసిన పెద్ద అధ్యయనం 2013లో అచ్చయింది. చంక బిళ్ళలో క్యాన్సర్ ఉండి, ముందు కీమో తీసుకున్నవాళ్ళలో 41 శాతం మందికి బిళ్ళలు పూర్తిగా శుభ్రపడ్డాయి. అంటే సగానికి పైగా మందికి లోపల ఇంకా ఉంది. అమ్మ ఏ వైపు ఉందో తెలియాలంటే ఆ బిళ్ళే కావాలి. పక్క బిళ్ళ దొరికితే సరిపోదు.

అన్నీ తీసేస్తే గొడవ ఉండదు కదా అనవచ్చు. వెనకటికి అలాగే తీసేవాళ్ళు. కానీ దానికి చెయ్యి మూల్యం చెల్లిస్తుంది. చంకలో బిళ్ళలన్నీ తీసేస్తే ఆ చేతిలోంచి నీరు వెనక్కి పోయే దారులు మూసుకుపోతాయి. అలా తీయించుకున్న 100 మందిలో 20 మంది దాకా చెయ్యి వాపు వస్తుంది. రెండు మూడు బిళ్ళలే తీస్తే అది 5, 6 మందికి తగ్గుతుంది. వాపు ఒకసారి మొదలైతే పూర్తిగా పోవడం కష్టం. గాజు ఎక్కదు, జాకెట్టు చెయ్యి బిగుసుకుంటుంది, చిన్న గీరుకే చీము పడుతుంది. రోజుకు రెండు పూటలా పాలు పితికే చేతికి అది చిన్న విషయం కాదు. అమ్మ బెంగకు అర్థం ఉంది. ఆ చెయ్యి కోసమే ఈ తీగ.

ఇప్పుడు చేసేది ఏమిటంటే, చంకలో మొదట ఏ బిళ్ళకు రొమ్ము నుంచి నీరు చేరుతుందో రంగు మందుతో గుర్తించి, దాన్నీ, ఒకటి రెండు తోడు బిళ్ళలనూ తీసి చూస్తారు. రొమ్ము క్యాన్సర్‌లో ఈ పద్ధతి 1990లలో మొదలైంది. రొమ్ములోకి ఎక్కించిన నీలం మందు కొద్ది నిమిషాల్లో సన్నని దారిలా చంకలోకి పాకుతుంది. సర్జన్ ఆ నీలం దారి పట్టుకుని వెళ్తే నీలంగా మారిన బిళ్ళ దొరుకుతుంది. కొన్నిచోట్ల టెక్నీషియం అనే, కిరణాలు వెదజల్లే రేడియో మందు కూడా ఇస్తారు. దాని శక్తి ప్రతి 6 గంటలకు సగానికి పడిపోతుంది. పెన్ను లాంటి పరికరం చంక మీద ఆనిస్తే ఆ బిళ్ళ దగ్గర గీమని శబ్దం పెరుగుతుంది.

అయితే కీమో తీసుకున్నవాళ్ళలో ఒక చిక్కు ఉంది. క్యాన్సర్ సోకి, ఎండి, మచ్చ కట్టిన బిళ్ళలోకి నీరు పోయే దారి మూసుకుపోయి, రంగు వేరే బిళ్ళకు మళ్ళవచ్చు. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ ఆసుపత్రి వైద్యులు 2016లో దీన్నే లెక్కగట్టి చూపించారు. 23 శాతం మందిలో క్లిప్పు పెట్టిన బిళ్ళ రంగు పట్టిన బిళ్ళల్లో లేదు. రంగు బిళ్ళలను మాత్రమే చూస్తే, క్యాన్సర్ మిగిలిన 100 మందిలో 10 మందిని లేదని పొరబడ్డారు. క్లిప్పు ఉన్న బిళ్ళను కూడా వెతికి తీస్తే ఆ పొరపాటు 2కు తగ్గింది. మీ సర్జన్ గారు తీగ వేయించుకు రమ్మన్నది ఇందుకే. ఆయన మంచి పని చేస్తున్నారు, నమ్మండి.

ఆ పొద్దున ఏం జరుగుతుందో చెబుతాను, అమ్మకు చదివి వినిపించండి. ముందు మంచం మీద పడుకోబెట్టి, ఎడమ చెయ్యి పక్కకు చాపిస్తాం, ఆపరేషన్ టేబుల్ మీద ఎలా ఉంటుందో అలా. భుజం కింద చిన్న దిండు పెడతాం. గదిలో లైటు తగ్గిస్తాం. చల్లటి జెల్ రాసి ప్రోబ్, అంటే స్కానింగ్ చేసే చేతి పరికరం, ఆనిస్తాను. తెర మీద కొవ్వు బూడిద రంగు గీతలుగా కనిపిస్తుంది. అందులో బిళ్ళ నల్లటి అంచు, తెల్లటి నడుమ ఉన్న గింజలా ఉంటుంది. ఆ గింజలో ఎక్కడో ఒకచోట క్లిప్పు సన్నటి తెల్ల గీతలా తళుక్కుమంటుంది. కొవ్వులో కూడా తెల్ల గీతలుంటాయి కాబట్టి, ప్రోబ్‌ను అటూ ఇటూ తిప్పి, ఏ కోణంలో చూసినా అది అక్కడే ఉందా అని సరిచూసుకుంటాను. కొందరిలో 5 నిమిషాల్లో దొరుకుతుంది. కొందరిలో అరగంట పట్టింది. నేను మౌనంగా తెరవంకే చూస్తూ ఉంటే పక్కన పడుకున్నవాళ్ళు ఏదో చెడ్డది కనబడిందని బెదిరిపోతారు. అందుకే ఇప్పుడు వెతుకుతున్నంతసేపూ ఏం చేస్తున్నానో పైకి చెబుతూ ఉంటాను. అమ్మకు చేసే డాక్టరు మాట్లాడకపోతే అమ్మనే అడగమనండి.

క్లిప్పు దొరికాక చర్మానికి మత్తు సూది వేస్తాం. అది చీమ కుట్టినట్టు ఉంటుంది, తర్వాత నొప్పి తెలియదు. సన్నని సూదిని తెర మీద చూస్తూ బిళ్ళలోకి పంపిస్తాం. ఆ సూది లోపల వెంట్రుక కంటే కొంచెం మందంగా తీగ ఉంటుంది, చివర కొక్కెం. సూదిని వెనక్కి లాగితే కొక్కెం విచ్చుకుని బిళ్ళను పట్టుకుంటుంది. బయట మిగిలిన తీగను చుట్టి, గాజుగుడ్డ పెట్టి, ప్లాస్టర్ అంటిస్తాం. ఇక థియేటర్‌కు పోయేదాకా ఆ చెయ్యి పైకెత్తకూడదు, జాకెట్టు తలమీదుగా తీయకూడదు, ముందుకు బొత్తాలున్నది వేసుకుని రావాలి. తీగ ఒక వేలు వెడల్పు కదిలినా సర్జన్‌కు దారి తప్పుతుంది.

లోపల సర్జన్ తీగ వెంట దిగి, దాని కొసన ఉన్న బిళ్ళను తీస్తారు. తీసిన ముక్కను ఎక్స్‌రే తీస్తారు. అందులో క్లిప్పు కనబడితేనే పని పూర్తయినట్టు. మీరు ఆపరేషన్ తర్వాత మొదట అడగాల్సింది, బాగా జరిగిందా అని కాదు, క్లిప్పు దొరికిందా అని. బయాప్సీ రిపోర్టులో కూడా క్లిప్పు ఉన్న బిళ్ళ గురించి రాశారేమో చూసుకోండి.

తీగకు బదులు వేరే పద్ధతులూ ఉన్నాయి. అయస్కాంత గింజ, రాడార్‌కు జవాబిచ్చే చిన్న పరికరం, 60 రోజులకు శక్తి సగమయ్యే రేడియో అయోడిన్ గింజ. వీటిని ఆపరేషన్‌కు ముందే ఏదో ఒక రోజు పెట్టేయవచ్చు, ఒంటి మీద తీగ వేలాడదు. ఖరీదు ఎక్కువ, అన్ని ఆసుపత్రుల్లో దొరకవు. శుద్ధి చేసిన బొగ్గు మందును బిళ్ళలోకి ఎక్కించి నల్ల మచ్చ వేసే పద్ధతి చవక, ఆ నలుపు నెలల తరబడి ఉంటుంది. ఏ పద్ధతైనా పని ఒకటే. అమ్మకు తీగ వేస్తున్నారని ఏదో తక్కువ వైద్యం జరుగుతోందని అనుకోవద్దు.

ఈ ఉత్తరం చదువుతున్న మిగతావాళ్ళకు ఒక మాట చెప్పుకోవాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఇదే జబ్బు వచ్చి, ముందు కీమో ఇస్తామంటే, ఆ రోజే అడగండి, చంక బిళ్ళలో క్లిప్పు పెడతారా అని. నాలుగేళ్ళ కిందట ఒకామెను నా దగ్గరికి పంపారు. కీమో ముందు బిళ్ళ పెద్దదని రిపోర్టు ఉంది, క్లిప్పు లేదు. నేను చూసేసరికి చంకలో ఐదు బిళ్ళలు, ఐదూ ఒకేలా ఉన్నాయి. తెల్లటి నడుమ, పలుచని అంచు, ఏ తేడా లేదు. పాత ఫిల్ము పక్కన పెట్టుకుని గంటసేపు చూశాను. ఏది ఆ బిళ్ళో చెప్పలేకపోయాను. చివరికి అన్నీ తీయాల్సి వచ్చింది. ఆమె టైలరు. ఇప్పుడు ఆ చేతికి బిగుతు తొడుగు వేసుకుని మిషన్ తొక్కుతోంది. నువ్వుగింజంత క్లిప్పు ముందే పడి ఉంటే, ఆమె చంకలో కనీసం వెతకడానికి ఒక గుర్తు ఉండేది. బిళ్ళ కనబడుతున్నప్పుడే గుర్తు పెట్టించుకోవాలి. కరిగాక ఎంత మంచి మిషనైనా చెప్పలేదు.

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మూడు నెలలుగా సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు. బరువు తగ్గాను. మెడకు కుడివైపు బిళ్ళ కట్టింది. సూది పరీక్ష రెండుసార్లు చేశారు, తేలలేదన్నారు. మధ్యలో మందులు వాడాక బిళ్ళ చేతికి తగలడం మానేసింది. స్కానింగ్‌లో మాత్రం 1.4 సెంటీమీటర్ల బిళ్ళ లోతుగా ఉందని రాశారు. దాన్ని మొత్తం తీసి పరీక్షకు పంపాలి, ముందు మార్కింగ్ చేయించుకుని రా అన్నారు. పెన్నుతో గీసిన గీతను నమ్మి మెడ కోస్తారా? నాకు భయంగా ఉంది. – ఒక విద్యార్థి

జవాబు: బాబూ, నీ భయం నాకు బాగా తెలుసు. ఆ గీత ఎప్పుడు నమ్మకూడదో నాకు అనుభవం మీద తెలిసింది కాబట్టి చెబుతున్నాను.

నేను ఈ పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో, ఇరవై ఏళ్ళ పైమాట, నీ వయసు అబ్బాయికే మెడలో మార్కింగ్ చేశాను. వెల్లకిలా పడుకోబెట్టి, ముఖం నేరుగా పైకి ఉండగా బిళ్ళ చూసి, దాని మీద గుణకారం గుర్తు గీసి పంపాను. థియేటర్‌లో భుజాల కింద దిండు పెట్టి, తలను ఎడమకు తిప్పారు. అలా తిప్పగానే మెడ చర్మం లాగుకుని, నా గుర్తు రెండు వేళ్ళ మేర పక్కకు జరిగిపోయింది. కింద బిళ్ళ ఉన్నచోటే ఉంది. సర్జన్ నా గుర్తు కింద కోశారు. అక్కడా ఒక బిళ్ళ ఉంది, తీశారు. మామూలు వాపు బిళ్ళ అని రిపోర్టు వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. జ్వరం మాత్రం తగ్గలేదు. నెల తర్వాత వాళ్ళ అమ్మ మళ్ళీ నా దగ్గరికి తీసుకొచ్చింది. ప్రోబ్ పెట్టగానే చూశాను. కుట్ల మచ్చకు పక్కనే ఆ బిళ్ళ అలాగే ఉంది, ఇంకాస్త పెరిగి. రెండో ఆపరేషన్ చేస్తే హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫ్ బిళ్ళల్లోనే పుట్టే ఒక రకం క్యాన్సర్, అని తేలింది. వైద్యం జరిగింది, కోలుకున్నాడు. కానీ ఒక నెల, ఒక కోత, ఒక అబద్ధపు ధైర్యం నా గీత వల్ల. జరిగింది ఇదని వాళ్ళ అమ్మకు నేనే చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, కొడుకు చొక్కా బొత్తాలు పెడుతూ కూర్చుంది. అది నేను మర్చిపోలేదు.

అప్పటి నుంచి మార్కింగ్‌కు ముందు సర్జన్‌కు ఫోన్ చేసి, తల ఏ వైపు తిప్పుతారు, దిండు పెడతారా అని అడుగుతాను. తువ్వాలు చుట్టి భుజాల కింద పెట్టి, తలను అలాగే తిప్పించి, అప్పుడే గుర్తు వేస్తాను. నువ్వు కూడా గట్టిగా అడుగు: ఆపరేషన్‌లో ఎలా పడుకోబెడతారో అలాగే పడుకోబెట్టి గుర్తు పెట్టండి అని. ఒట్టి గుర్తు ఒక్కటే చాలదు. చర్మం నుంచి బిళ్ళ ఎన్ని మిల్లీమీటర్ల లోతులో ఉంది, దాని కింద, పక్కన ఏ రక్తనాళం ఉంది అనేది కాగితం మీద బొమ్మ గీసి పంపాలి. థియేటర్‌లోకి చిన్న అల్ట్రాసౌండ్ మిషన్ తెచ్చుకునే వీలుంటే, మత్తు ఇచ్చాక, కోత పెట్టే ముందు ఇంకోసారి చూడటం అన్నిటికంటే మేలు. లోతైన బిళ్ళలకు నేనే బట్టలు మార్చుకుని లోపలికి వెళ్తాను.

మెడలో ఇంత జాగ్రత్త ఎందుకంటే, మెడ పక్కభాగంలో చర్మానికి కొద్ది లోతులోనే భుజాన్ని పైకెత్తే నరం పోతుంది. బిళ్ళ కోసం అక్కడా ఇక్కడా వెతుకుతూ పోతే ఆ నరానికి దెబ్బ తగలవచ్చు. అప్పుడు తల దువ్వుకోవడానికి చెయ్యి లేవదు. చోటు ముందే తెలిస్తే కోత చిన్నది, వెతుకులాట ఉండదు.

ఒకటి రెండు విషయాలు ఆపరేషన్ ముందే మాట్లాడుకో. లావు సూదితో, స్కానింగ్‌లో చూస్తూ, బిళ్ళలోంచి ముక్క తీసే వీలుందా అని అడుగు. సన్నసూదిలో తేలనిది చాలాసార్లు అందులో తేలుతుంది, కోత అక్కర్లేదు. లింఫోమా అనుమానం గట్టిగా ఉంటే మొత్తం బిళ్ళ తీయడమే మేలని సర్జన్ అంటే వాదించకు. బిళ్ళ అల్లిక మొత్తం చూస్తేనే అది ఏ రకమో సరిగ్గా తెలుస్తుంది. తీసిన బిళ్ళను రెండు భాగాలు చేసి, ఒకటి ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే మందు), ఒకటి ఉత్త సెలైన్‌లో పంపమని ముందే చెప్పుకో. మొత్తం ఫార్మలిన్‌లో వేసేస్తే టీబీ కల్చర్‌కు, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షకు, పనికిరాదు. ఇది చిన్న విషయంలా ఉంటుంది, దీనివల్ల మళ్ళీ మొదటికి వచ్చిన కేసులు చూశాను.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. ఎవరైనా ఇచ్చారని స్టెరాయిడ్ మాత్రలు వేసుకోవద్దు. లింఫోమా బిళ్ళ స్టెరాయిడ్‌కు తాత్కాలికంగా కరిగిపోతుంది, పరీక్షలో జబ్బు దాక్కుంటుంది. నువ్వు మధ్యలో వాడిన మందులు ఏమిటో ఆ చీటీలన్నీ సర్జన్‌కు చూపించు. తేలకుండానే టీబీ మాత్రలు మొదలుపెట్టమన్నా కారణం అడుగు. టీబీ అంటే మన వైపు పాత భయం, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం పెట్టి వందేళ్ళు దాటింది. ఇప్పుడు అది మాత్రలతో నయమయ్యే జబ్బు. బిళ్ళల టీబీకి మామూలుగా 6 నెలల మందులు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. నీది ఏదో తేలితే దానికి దారి ఉంది. తేల్చుకోవడానికి ఆ బిళ్ళే దొరకాలి.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. మా నాన్నగారికి 61 ఏళ్ళు. నాలుక అంచున పుండు, క్యాన్సర్ మొదటి దశ అన్నారు. మెడలో బిళ్ళలేవీ లేవు, సీటీ స్కాన్ కూడా శుభ్రంగా ఉంది. అయినా నాలుకతో పాటు మెడ కూడా కోసి బిళ్ళలు తీస్తామంటున్నారు. లేనిదాన్ని ఎందుకు తీయడం? డబ్బు కోసమా? – ఒక కొడుకు

జవాబు: బాబూ, ఈ ప్రశ్నకు జవాబు మన దేశంలోనే దొరికింది. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ అనిల్ డిక్రూజ్ బృందం, నోటి క్యాన్సర్ తొలి దశలో ఉండి మెడలో బిళ్ళలు తగలనివాళ్ళను రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు నోటితో పాటే మెడ బిళ్ళలు తీశారు. రెండో గుంపుకు నోటి వరకే చేసి, మెడలో బిళ్ళ బయటపడితే అప్పుడు తీశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. మూడేళ్ళకు మొదటి గుంపులో 80 శాతం మంది బతికి ఉన్నారు, రెండో గుంపులో 67.5 శాతం. డబ్బు కోసం చెప్పే మాట కాదిది.

నా తెర మీద నేను చూడగలిగే మార్పు మిల్లీమీటర్లలో ఉంటుంది. బిళ్ళ మూలన దాక్కున్న కొద్దిపాటి కణాలు దానికంటే ఎంతో చిన్నవి. సీటీకైనా అంతే. అందుకే నాన్నగారి స్కాన్ శుభ్రంగా ఉన్నా సర్జన్ మాట వినండి. పొగాకు, వక్క ఈరోజే మానిపించండి, ఆపరేషన్ దాకా ఆగనివ్వొద్దు.

ప్రశ్న: నాకు పోయిన వారం రొమ్ము ఆపరేషన్ అయింది. నీలం మందు వేశారట. మరుసటి రోజు మూత్రం ఆకుపచ్చగా వచ్చింది, రొమ్ము మీద నీలం మచ్చ ఉంది. కిడ్నీ పాడైందా? – పుత్తూరు సోదరి

జవాబు: లేదమ్మా. ఆ మందు మూత్రంలోనే బయటికి పోతుంది. ఒకటి రెండు రోజులు నీలంగానో ఆకుపచ్చగానో వస్తుంది. నీళ్ళు బాగా తాగండి. రొమ్ము మీది మచ్చ వారాలు, కొందరిలో నెలలు ఉంటుంది, మెల్లగా తగ్గిపోతుంది. మూత్రం ఇప్పటికీ రంగు మారే వస్తుంటే, లేదా ఒంటి మీద దద్దుర్లు, ఆయాసం ఉంటే మాత్రం వెంటనే చూపించుకోండి.

ఆపరేషన్ ఇంకా కానివాళ్ళు డిప్రెషన్‌కు మాత్రలు వాడుతుంటే దాచకుండా సర్జన్‌కూ మత్తు డాక్టరుకూ చెప్పండి. మిథిలీన్ బ్లూ అనే నీలం మందుకూ వాటిలో కొన్నిటికీ పడదు. ఇంట్లోవాళ్ళ ముందు చెప్పడానికి మొహమాటపడి చాలామంది ఆడవాళ్ళు ఈ మాట మింగేస్తారు. చీటీ మీద రాసి ఇచ్చినా చాలు.

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు ఎల్లుండి చంక బిళ్ళ ఆపరేషన్. రేపు సాయంత్రం పెన్నుతో మార్కు వేస్తారట. ఆపరేషన్ పొద్దున తలస్నానం చేసి దేవుడికి దండం పెట్టుకుని వెళ్ళాలని ఉంది. గుర్తు చెరిగిపోతుందా? ఆ బిళ్ళకు మా అత్తమ్మ సున్నం, బెల్లం పట్టు వేయమంటోంది, వేయవచ్చా? – పాకాల నుంచి

జవాబు: ఈ జవాబు అచ్చయ్యేసరికి మీ ఆపరేషన్ అయిపోయి ఉంటుంది, అందుకే మీకు ఫోన్‌లో చెప్పాను. మిగతావాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను. సున్నం పట్టు వద్దు. చర్మం కాలి బొబ్బలెక్కితే ఆపరేషనే వాయిదా పడుతుంది. అత్తమ్మకు కోపం రాకుండా, డాక్టరు వద్దన్నారని నా పేరు చెప్పండి.

స్నానం చేయవచ్చు. మార్కింగ్‌కు వాడేది చర్మం మీద నిలిచే ఇంకు, నీళ్ళకు వెంటనే పోదు. సబ్బు మాత్రం అక్కడ రుద్దకండి, తువ్వాలుతో ఒత్తి ఆరనివ్వండి, నూనె, పౌడరు రాయకండి. గుర్తు మసకబారితే మీరే బాల్‌పెన్నుతో దిద్దుకోవద్దు. ఒకామె అలా దిద్దుకుని వచ్చింది, గీత అసలు చోటు నుంచి జరిగింది. మసకబారిందని వచ్చి చెప్పండి, మళ్ళీ చెయ్యి చాపించి, చూసి, వేస్తాం. పది నిమిషాల పని.